నారోబోట్ నమూనా కట్టడానికి ఏది మేలు: చెక్కా, ప్లాస్టిక్కా, రేకా?

నారోబోట్ నమూనా చూసినవాళ్లు ముందు దాని రంగుల గురించి మాట్లాడతారు. కట్టేవాళ్ల కన్ను మాత్రం ముందు ఆకారం మీద పడుతుంది. ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే ఈ పడవ వెడల్పు 7 అడుగులు, పొడవు 70 అడుగుల దాకా ఉంటుంది. అంటే వెడల్పుకు పది రెట్ల పొడవు. 1766లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ పని మొదలుపెట్టిన జేమ్స్ బ్రిండ్లీ, ఏడడుగుల పడవ పట్టేంత ఇరుకుగా లాకులు కట్టించాడు. ఆ తర్వాత ఆ దారుల్లో తిరగాలనుకున్న పడవలన్నీ ఆ కొలతకు లొంగాల్సి వచ్చింది. అలా తయారైందే ఈ పొడవాటి పెట్టె. పక్కలు నిటారుగా, అడుగు చదునుగా ఉంటాయి. వంపులన్నీ రెండు కొసల్లోనే.

ఈ ఆకారం వల్ల మన పని చాలా తేలికవుతుంది. తెరచాప ఓడలు కట్టేవాళ్లు చెప్పే సలహాల్లో సగం మనకు అక్కర్లేదు. పక్కటెముకల్లాంటి ఫ్రేములు వరసగా నిలబెట్టి, వాటి మీద సన్నటి చెక్క పట్టీలు ఒక్కొక్కటే వంచి అతికించే పద్ధతి నారోబోట్‌కు దాదాపు అనవసరం. షీటు కోసి పెట్టె చేసినట్టు చేసుకోవచ్చు. అందుకే ప్లైవుడ్, ప్లాస్టిక్ షీటు, రేకు, అట్ట అన్నీ పోటీలోకి వస్తాయి, ఎంచుకోవడం కష్టమయ్యేదీ అందుకే.

చెక్కా ప్లాస్టిక్కా అని తేల్చేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. కడుతున్నది ఏ కాలపు పడవ? అది నీళ్లలోకి దిగుతుందా, అల్మారాలో నిలబడుతుందా? ఈ రెండూ తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

అసలు పడవ దేనితో కట్టారు?

పాత సరుకు పడవల్లో పక్కలకు ఓక్ పలకలు, అడుగుకు ఎల్మ్ పలకలు వాడేవారు. అడుగు పలకలను పొడవునా కాకుండా అడ్డంగా పరిచేవారు. ఎల్మ్ ఎప్పుడూ నీళ్లలోనే ఉంటే చాలాకాలం పాడవదు. తడిసి, ఆరి, మళ్లీ తడిస్తేనే దానికి ముప్పు. ఇనుము వచ్చాక ఫెలోస్ మోర్టన్ అండ్ క్లేటన్ సంస్థ పడవలకు పక్కలు రివెట్లు కొట్టిన ఇనుప రేకులతో, అడుగు మాత్రం ఎల్మ్‌తోనే కట్టించింది. వీటికి జోషర్లు అని పేరు. 1930లలో గ్రాండ్ యూనియన్ సంస్థ కట్టించిన టౌన్ క్లాస్ పడవల్లో ఉక్కువీ ఉన్నాయి, చెక్కవీ ఉన్నాయి. ఉక్కువి వుల్విచ్‌లో, నార్త్‌విచ్‌లో తయారైతే చెక్కవి రిక్‌మన్స్‌వర్త్‌లో తయారయ్యాయి. అందుకని టౌన్ క్లాస్ పడవ కడుతున్నాను అంటే సరిపోదు, ఎక్కడ కట్టిన టౌన్ క్లాస్ అన్నది కూడా చూసుకోవాలి. ఇప్పటి విహార పడవలు వెల్డింగ్ చేసిన ఉక్కువి. అడుగు 10 మి.మీ., పక్కలు 6 మి.మీ., క్యాబిన్ 4 మి.మీ. రేకు అన్నది బాగా వాడుకలో ఉన్న లెక్క.

అసలు పడవ చెక్కది కాబట్టి నమూనా కూడా చెక్కతోనే కట్టాలని చాలామంది అనుకుంటారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఓక్ పడవకు ఓక్ ముక్కలే కావాలంటారు. నేనూ ఒకప్పుడు ఆ బాపతే. ఓక్ ముక్క మీద గీతల్లా కనిపించే రంధ్రాలను దగ్గరగా చూడండి. ఆ రంధ్రం వెడల్పు 0.3 మి.మీ. అనుకుంటే, 1:24 నమూనా (అసలు కొలతలో 24వ వంతు) మీద అది అసలు పడవలో 7 మి.మీ. చీలికతో సమానం. అలాంటి పలకలతో కట్టిన పడవ కాలువ దాటదు. ఓక్‌లా కనిపించాలంటే రంధ్రాలు కంటికి ఆనని నున్నటి కలప కావాలి. లైమ్, బాస్‌వుడ్, పేర్, బాక్స్‌వుడ్ లాంటివి తీసుకుని ఓక్ రంగు పూస్తేనే అది ఓక్‌లా కనిపిస్తుంది. వాల్‌నట్, మహాగని కూడా ఇదే కారణంతో పక్కన పెడతాను. కిట్లలో ఎందుకు పెడతారో గానీ, చిన్న స్కేల్లో వాటి చారలు మరీ పెద్దవిగా కనిపిస్తాయి.

స్కేలు, బరువు

రైలు నమూనాల పక్కన పెట్టుకునేవాళ్లు 1:76 ఎంచుకుంటారు. ఆ స్కేల్లో 70 అడుగుల పడవ 28 సెంటీమీటర్లు, వెడల్పు 28 మి.మీ. 1:24కి వస్తే పొడవు 89 సెంటీమీటర్లు, వెడల్పు 9 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 1:12 అయితే పొడవు 178 సెంటీమీటర్లు. తలుపు పక్కన నిలబెడితే మనిషంత ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టుకుంటారో, ఎలా మోస్తారో ముందే ఆలోచించుకోండి.

నీళ్లలో దిగే పడవకు బరువు లెక్క వేయాలి. స్కేలు సంఖ్యను మూడుసార్లు వేసి గుణించి (1:24కి 24×24×24), అసలు పడవ బరువును ఆ వచ్చినదానితో భాగిస్తే నమూనా బరువు వస్తుంది. సరుకుతో కలిపి 35 టన్నులు తూగే పడవ 1:24లో సుమారు రెండున్నర కిలోలు ఉండాలి. అదే 1:12లో 20 కిలోలు. అంతకన్నా తేలికైతే నమూనా నీళ్ల మీద బెండు ముక్కలా తేలుతుంది. నిజమైన నారోబోట్‌లా నీళ్లలో ఒదిగి కూర్చోదు.

కాబట్టి సరుకుతో నిండిన పడవ కడుతుంటే హల్ తేలిగ్గా ఉండాలనే టెన్షన్ వద్దు. అడుగూ పక్కలూ కలిసిన తొట్టినే ఇక్కడ హల్ అంటున్నాను. 1:24 హల్‌ను 2 మి.మీ. ప్లైవుడ్‌తో చేస్తే పావు కిలో, 2 మి.మీ. ప్లాస్టిక్ షీటుతో చేస్తే దాదాపు 400 గ్రాములు. అర మి.మీ. ఇత్తడి రేకుతో చేసినా 800 గ్రాములు దాటదు. ఏది వాడినా ఇంకా కిలోన్నర పైనే బరువు అడుగున పెట్టాలి. ఖాళీ పడవ కట్టేవాళ్ల సంగతి వేరు. పది టన్నుల ఖాళీ పడవ అదే స్కేల్లో 720 గ్రాములే. అక్కడ ఇత్తడి హల్ పనికిరాదు. క్యాబిన్ పెట్టకముందే పడవ ఉండాల్సిన దానికన్నా కిందికి మునిగి ఉంటుంది.

క్యాబిన్‌కు మాత్రం బరువు ఎప్పుడూ శత్రువే. ఇంత సన్నటి పడవ పైభాగం బరువెక్కితే పక్కకు ఒరుగుతుంది. హల్ దేనితో చేసినా సరే, పైకప్పు 1 మి.మీ. ప్లై, లేదంటే సన్నటి ప్లాస్టిక్.

చెక్క

హల్‌కు చెక్క అనుకుంటే నా మొదటి ఎంపిక బర్చ్ ప్లైవుడ్. విమాన నమూనాలకు వాడే సన్న రకం అర మి.మీ. లోపు నుంచి దొరుకుతుంది. వంకర పోదు, చీలదు, కొలత మారదు. అడుగుకు 3 మి.మీ., పక్కలకు 1.5 లేదా 2 మి.మీ. సరిపోతుంది. ముందూ వెనకా వంపుల దగ్గర మొత్తం ప్లైని వంచాలని చూడకండి, విరుగుతుంది. అక్కడ 0.8 మి.మీ. ప్లైని రెండు మూడు పొరలుగా వంచి అతికించండి, లేదా లైమ్ దిమ్మను చెక్కండి. ముక్కు వంపును దిమ్మగా చెక్కడమే నాకు తేలికనిపిస్తుంది. పలకల గీతలు కావాలంటే ప్లై మీద బాస్‌వుడ్ పట్టీలు అతికించుకోవచ్చు. అసలు పడవలో పక్క పలకల మందం రెండు అంగుళాల దరిదాపు కాబట్టి 1:24లో 2 మి.మీ. కొస కనిపిస్తే లెక్క కుదిరినట్టే.

బాల్సా అనే మెత్తటి, తేలికైన కలప గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కొత్తవాళ్లు మొదట పట్టుకునేది అదే. బ్లేడుతో వెన్నలా తెగుతుంది, వెంటనే ఆకారం వస్తుంది, ఉత్సాహం పెరుగుతుంది. నా మొదటి పడవ బాల్సాదే. మూడు పూతల రంగు వేసి, అద్దంలా మెరుస్తుంటే మురిసిపోయి తొట్టి నీళ్లలో వదిలాను. రెండు నెలలకు ఒక పక్కంతా నార పైకి తేలి, రంగు కింద దువ్వెన గీతల్లా కనిపించింది. చుక్కాని ఇరుసు దగ్గర వార్నిష్ తగలని చిన్న సందు ఉండిపోయింది, నీళ్లు అక్కడి నుంచి పాకాయి. బాల్సా చెడ్డదని కాదు, దానికి సగం సగం సీలింగు చాలదు. లోపలా బయటా ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పూసి, బయట పల్చటి గ్లాస్ క్లాత్ (గాజునార గుడ్డ) కప్పితే అది కూడా ఏళ్లపాటు నిలుస్తుంది. అంత పని పెట్టుకునేటప్పుడు మొదటే ప్లై వాడొచ్చు కదా అనేది నా వాదన. గోరు తగిలినా గుంట పడుతుంది కూడా. బాల్సాను కొసల్లో లోపలి నింపుడు దిమ్మలకు పెట్టుకోండి, అక్కడ దానికి సాటి లేదు.

ఎం.డి.ఎఫ్., అంటే చెక్క పీచును అదిమి చేసిన పలక, నీళ్లకు తగలకూడదు. అంచు తడిస్తే బ్రెడ్డు ముక్కలా ఉబ్బుతుంది, ఆరినా తిరిగి తగ్గదు. నమూనా నిలబెట్టే పీఠానికి మాత్రం బాగుంటుంది. కోసేటప్పుడు, ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ప్లాస్టిక్ షీటు

ఉక్కు పడవ కడుతుంటే దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. పాలీస్టైరీన్ షీటును మోడల్ కట్టేవాళ్లు ప్లాస్టికార్డ్ అంటారు. కత్తితో గీత పెట్టి వంచితే గీత వెంటే తెగుతుంది. అతికించేది జిగురు కాదు, ద్రావకం. అది ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. ఉపరితలంలో నార లేదు, రంధ్రాలు లేవు. రంగు వేస్తే అచ్చం ఉక్కు రేకులా ఉంటుంది. 1:24లో 6 మి.మీ. ఉక్కు పావు మి.మీ.కు వస్తుంది. అంత సన్నటి షీటుతో హల్ నిలబడదు గనక 1.5 మి.మీ. షీటు వాడి, కంటికి కనిపించే అంచులను మాత్రం లోపలి వైపు నుంచి గీకి పల్చన చేయాలి. చూసేవాళ్లకు రేకు మందం తెలిసేది ఆ అంచుల దగ్గరే.

జోషర్ కడితే రివెట్లు ఉంటాయి. పావు మి.మీ. షీటు వెనక నుంచి మొద్దు సూదితో ఒక్కొక్కటే నొక్కి, ఆ షీటును మందపాటి షీటు మీద అతికించాలి. 1:24లో రివెట్ తల 1 మి.మీ. కన్నా చిన్నదే. స్కేలు పట్టీ వెంట సమాన దూరంలో నొక్కడం చాలా విసుగు పుట్టించే పని, కానీ వరస వంకరైతే పది అడుగుల దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. తెలుపు షీటు మీద తప్పులు కనిపించవు. ఒకసారి బూడిద రంగు ప్రైమర్ కొట్టి చూసుకోండి.

ప్లాస్టికార్డ్‌తో వచ్చే ఇబ్బంది నెలల తర్వాత బయటపడుతుంది. రెండు పెద్ద షీట్ల మధ్య ద్రావకం ఎక్కువగా పోసి అతికిస్తే అది బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోతుంది. నెమ్మదిగా ప్లాస్టిక్‌ను మెత్తబరిచి పక్కలను లోపలికి గుంజుతుంది. పొడవాటి, చదునైన పక్కలున్న పడవకు ఇదే పెద్ద గండం. ద్రావకం తక్కువ వాడండి, లోపలి షీటులో అక్కడక్కడ చిన్న రంధ్రాలు పెట్టండి, పూర్తిగా మూసేసిన గదులు వదలకండి, ప్రతి 7, 8 సెంటీమీటర్లకు లోపల అడ్డ గోడ పెట్టండి. ఎండలో నిలిపిన కారులో ముదురు రంగు నమూనాను వదిలినా ప్లాస్టిక్ వంకర పోతుంది. ఏ.బి.ఎస్. అనే ఇంకో రకం ప్లాస్టిక్ షీటు ఇంతకన్నా గట్టిది, దెబ్బలు ఓర్చుకుంటుంది. దానికి వేరే ద్రావకం కావాలి. చెరువులో తిప్పే పడవకు నేనైతే ఏ.బి.ఎస్. వైపే మొగ్గుతాను.

రేకు, ఫైబర్‌గ్లాస్, అట్ట, ప్రింటర్

ఇత్తడి రేకు 1:76లో అందంగా కుదురుతుంది. సన్నటి అంచులు నిజంగానే సన్నగా ఉంటాయి. సోల్డరింగ్ చెయ్యి తిరిగినవాళ్లకే అది, నేర్చుకోవడానికి పడవ హల్ సరైన చోటు కాదు. పొడవాటి రేకు వేడికి అలల్లా మెలిదిరుగుతుంది. అయితే హల్ దేనిదైనా కొన్ని భాగాలు ఇత్తడితో చేస్తేనే బాగుంటాయి. చుక్కాని తిప్పే వంపు కడ్డీ, పొగగొట్టం చుట్టూ మెరిసే పట్టీలు, కిటికీ వలయాలు అలాంటివే. అసలు పడవ మీద కూడా పొగగొట్టం పట్టీలు ఇత్తడివే, రోజూ తోమి మెరిపించేవారు.

ఫైబర్‌గ్లాస్ హల్ కొనుక్కుంటే నీటి బెడద తీరినట్టే, 1:12 లాంటి పెద్ద స్కేలుకు బాగా నప్పుతుంది. సొంతంగా చేయాలంటే ముందు నమూనా దిమ్మ, దాని నుంచి అచ్చు, అచ్చులో పొరలు. ఒక్క పడవ కోసం అంత శ్రమ దండగ. ఒకే రకం పడవలు నాలుగు కావాలంటే అప్పుడు ఆలోచించండి. రంగు వేసేముందు పైన ఉన్న నున్నటి జెల్‌కోట్‌ను గరుకు చేయకపోతే రంగు పొరలు పొరలుగా ఊడుతుంది.

అట్టను చిన్నచూపు చూడొద్దు. నీటి మట్టం దాకా మాత్రమే చూపించే 1:76 పడవకు మంచి అట్ట, దాని మీద షెల్లాక్ పూత చాలు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఖరీదైన ప్లై కోసేముందు పక్కల ఆకారాన్ని అట్టలో కోసి, టేపుతో నిలబెట్టి చూసుకోవచ్చు. ముక్కు వంపు కొలతల్లో తప్పులు నాకు ఎక్కువగా అక్కడే దొరికాయి.

3డీ ప్రింటర్ ఉన్నవాళ్లు హల్ మొత్తం అందులోనే తీయాలనుకుంటారు. ముక్కలుగా తీసి కలపాలి, పొరల గీతలన్నీ పుట్టీతో నింపి రుద్దాలి, పొరల మధ్య నుంచి నీళ్లు ఊరకుండా ఎపాక్సీ పూయాలి. పెట్టె ఆకారానికి ఇంత ఎందుకు? పైగా ఈ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పి.ఎల్.ఏ. ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ప్రింటర్‌ను చిన్న సామాన్లకు వాడుకోండి. క్యాబిన్ లోపలి పొయ్యి, పైకప్పు మీద నీళ్ల డబ్బా, పడవ తాడు కట్టే గూటాలు రెజిన్ ప్రింటులో అద్భుతంగా వస్తాయి. పెళుసుగా ఉంటాయి కాబట్టి చెయ్యి తగిలే చోట పెట్టకండి.

గుడ్డ, తాడు, బొగ్గు

సరుకు పడవకు జీవం వచ్చేది వీటితోనే. సరుకు మీద కప్పే నల్ల పట్టాలకు అసలు గుడ్డ వాడితే నేత లావుగా కనిపిస్తుంది, రుమాలు కూడా లావే. విమాన నమూనాల రెక్కలకు అంటించే పల్చటి టిష్యూ తీసుకుని, నీళ్లు కలిపిన పి.వి.ఏ. జిగురులో (చెక్క పనికి వాడే తెల్ల జిగురు) ముంచి పరిస్తే మడతలు సహజంగా పడతాయి. ఆరాక మెరుపు లేని నలుపు. మరీ నలుపు కాదు, ముదురు బూడిద. చిన్న వస్తువు మీద చిక్కటి నలుపు రంధ్రంలా కనిపిస్తుంది.

తాళ్లకు నూలు దారం, తేనెమైనం రాసి. మైనం రాయకపోతే నూగు పైకి లేచి, తాడు గొంగళిపురుగులా ఉంటుంది. బొగ్గుకు బొగ్గునే మించింది లేదు. చితక్కొట్టి జల్లెడ పట్టండి. సరుకు గది నిండా పోయకండి, పైన బరువు పెరుగుతుంది. కింద తేలికైన ఫోమ్ దిమ్మ పెట్టి, పైన ఒక పొర బొగ్గు అతికించాలి. ఆ ఫోమ్ కింద నీళ్లు చొరని మూత వేయడం మరవొద్దు. నిండిన నారోబోట్ అంచు నీటికి అర అడుగు ఎత్తులో ఉందనుకుంటే, 1:24లో అది 6 మి.మీ. చెరువులో బాతు ఈదినా నీళ్లు లోపలికొస్తాయి.

నారోబోట్ల మీద అలంకారంగా వేసే గులాబీలూ కోటలూ గీయడానికి ఎనామెల్ రంగు నెమ్మదిగా ఆరుతుంది, కుంచె గీతలు కలిసిపోతాయి. అక్రిలిక్ త్వరగా ఆరి, పొరపాటు దిద్దుకోవడానికి వీలిస్తుంది. 3 మి.మీ. గులాబీ గీయడం మొదటిసారైతే అక్రిలిక్ పట్టుకోండి. చివర్లో పూర్తి మెరుపు వార్నిష్ కాకుండా సగం మెరుపుది పూస్తే బొమ్మలా కాక పడవలా కనిపిస్తుంది.

జిగురు

మంచి చెక్క తెచ్చి సాధారణ పి.వి.ఏ.తో అతికించి నీళ్లలో దించితే తప్పు చెక్కది కాదు. సీసా మీద డీ4 అని ఉన్న రకం తడిని బాగా తట్టుకుంటుంది, అయినా నీటి మట్టానికి కింద ఉన్న ప్రతి అతుకుకూ నిదానంగా గట్టిపడే ఎపాక్సీయే నా మాట. ఐదు నిమిషాల ఎపాక్సీ తాత్కాలికంగా పట్టి ఉంచడానికే. సయనో జిగురును (సూపర్ గ్లూ) కిటికీ అద్దాల దగ్గరికి రానివ్వకండి, దాని ఆవిరికి అక్రిలిక్ మీద తెల్లటి మసక పడుతుంది.

మరి నేనైతే?

మొదటి పడవ, అల్మారా కోసం అయితే ప్లాస్టికార్డ్‌తో 1:76 లేదా 1:48. చెరువులో తిప్పాలంటే 1:24లో ఇప్పటి ఉక్కు పడవ. ఏ.బి.ఎస్. హల్, ప్లై పైకప్పు, ఇత్తడి చుక్కాని కడ్డీ. పాత చెక్క పడవ మీద మనసుంటే బర్చ్ ప్లై హల్ మీద బాస్‌వుడ్ పలకలు. చెక్క పనిలో అనుభవం ఉన్నా మొదటిసారి 1:12 జోలికి వెళ్లకండి.

ఏది ఎంచుకున్నా, క్యాబిన్ అతికించకముందే హల్‌ను నీళ్లలో పరీక్షించండి. లోపల పొడవునా పాత న్యూస్‌పేపర్ పరిచి, కావలసిన బరువుకు సరిపడా ఇనుప ముక్కలు సమంగా సర్ది, నీళ్ల తొట్టిలో రాత్రంతా వదిలేయండి. సీసం గుండ్లు వాడితే చేతులు కడుక్కోండి. పొద్దున బయట నీటి గీత ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, బరువులు తీసి కాగితం ఎక్కడ తడిసిందో చూడండి. అతుకు మళ్లీ వేయాల్సింది అక్కడే.